నుదుటి మీద ఏడో నంబరు

తాళాలాయన దగ్గర తాళంచెవి చేయించుకోవాలంటే ముందు ఆయన నుదురు చూడాలి.

కుడి కనుబొమ పైన చింతగింజంత మచ్చ. ఆకురాయితో తాళంచెవి అరగదీస్తూనే మొదలుపెట్టేవాడు.

"ఇది మచ్చ కాదండీ. ఏడో నంబరు సంతకం."

ఇరవై రెండేళ్ళ కిందటి మోటోక్రాస్ పందెం అది. గుట్టలూ గుంతలూ ఉన్న మట్టి దారిలో బైకులు ఎగిరెగిరి పడతాయి. ఆఖరి చుట్టులో, పెద్ద మలుపు దగ్గర, ఏడో నంబరు బైకు వెనక చక్రం నుంచి ఒక రాయి లేచింది. వచ్చి ఈయన నుదుటికి తగిలింది. ఏడో నంబరు గెలిచాడు. ఈయన సొమ్మసిల్లాడు.

ఆ రాయి దుకాణంలో గాజు సీసాలో ఉంది. కథ అయ్యేదాకా తాళంచెవి చేతికివ్వడు. ఒకసారి ఒకావిడ పొయ్యి మీద పాలు పెట్టి, తాళంచెవి లోపల వదిలేసి, తలుపు వేసుకుని పరుగెత్తుకొచ్చింది. కథ పూర్తయ్యేసరికి పాలూ పోయాయి, గిన్నె కూడా పోయింది.

కథ మొదలవగానే ఆయన భార్య మాత్రం లేచి లోపలికి వెళ్ళిపోయేది. పందెం రోజు ఆవిడా అక్కడే ఉంది. పెళ్ళయిన కొత్త. గట్టు మీద ఆయనకి కుడిపక్కనే నిలబడింది. కొంగు చింపి కట్టు కట్టింది కూడా ఆవిడే.

"ఆ రాయి అవతల పారెయ్యకూడదూ?" అనేది.

"దాని విలువ నీకేం తెలుసే!" అనేవాడు.

ఈ ఏడాది పందేల మైదానం వాళ్ళు అభిమానుల్ని పిలిచారు. మరచిపోలేని జ్ఞాపకం ఎవరు చెబితే వాళ్ళని ఏడో నంబరు స్వయంగా బైకు వెనక ఎక్కించుకుని ట్రాక్ మీద ఒక చుట్టు తిప్పుతాడట.

తాళాలాయనకి వారం రోజులు అన్నం సయించలేదు. ఆ చుట్టు తిరిగితే చాలు, జన్మ ధన్యం అన్నాడు. మచ్చ మాసిపోయినట్టుందని రోజూ నూనె రాశాడు.

"నేను రానండీ. నాకు దుమ్ము పడదు," అంది భార్య.

"ఉన్న ఒక్క సాక్షివీ నువ్వే. నువ్వు రాకపోతే ఎలా?"

బావమరిది కూడా బయల్దేరాడు. బస్సు కండక్టరు. ఏడో నంబరు విసిరేసిన చేతి తొడుగు ఒకటి దాచుకున్నాడు.

"బావా, నా తొడుగు ముందు నీ బొప్పి ఎంత?"

"ఒరేయ్, నీ తొడుగు ఆయన పారేసింది. నా రాయి ఆయన పంపింది."

"చిరునామా రాసి పంపాడా?"

భార్య నవ్వలేదు. కొంగు ముఖం మీదికి లాక్కుంది.

మైదానంలో జనం. వేదిక మీద ఏడో నంబరు. జుట్టు పోయింది, పొట్ట వచ్చింది. ఒక పంతులమ్మ చెప్పింది. ఏడో నంబరు గెలిచిన సంతోషంలో పక్కనున్న మనిషిని వాటేసుకుందట. చివరికి ఆ మనిషినే పెళ్ళి చేసుకోవాల్సి వచ్చిందట. తర్వాత బావమరిది తొడుగు ఇచ్చాడు. ఏడో నంబరు వేసుకు చూశాడు. రెండు వేళ్ళ దగ్గరే ఆగిపోయింది.

తాళాలాయన వంతు వచ్చింది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అంత బాగా చెప్పలేదు.

"పదకొండో నంబరు మీ వెనకే ఉన్నాడండీ. జానెడు దూరం. మీరు బండి వంచారు. చక్రం గిర్రున తిరిగింది. ఠప్!"

జనం ఈలలు వేశారు. ఎవరో హెల్మెట్ తెచ్చి ఆయన చేతిలో పెట్టేశారు. ఏడో నంబరు ఆ మచ్చని వేలితో తాకి, రాయి చూపించమన్నాడు. అటూ ఇటూ తిప్పాడు.

"ఇది కంకర రాయి కదండీ."

"అవునండీ. మీదే."

"పందెం ముందు మా దారిలో మట్టంతా జల్లెడ పడతారండీ. చిన్న పలుకు కూడా ఉండనివ్వరు. కంకర పరిచేది జనం నిలబడే గట్టు మీద."

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ నవ్వారు.

"అయితే బావా, ఇరవై రెండేళ్ళుగా ఎవడి రాయికో దణ్ణం పెడుతున్నావన్నమాట!" అన్నాడు బావమరిది కింది నుంచి.

హెల్మెట్ తెచ్చినవాడు మెల్లిగా దాన్ని వెనక్కి తీసుకున్నాడు. తాళాలాయన అరచేత్తో నుదురు కప్పుకున్నాడు. ఆయన కథ మధ్యలో ఆగడం ఎవరూ ఎన్నడూ చూడలేదు.

భార్య ఆయన ముఖం చూసింది. జనాన్ని తోసుకుంటూ వేదిక ఎక్కింది. ఏడో నంబరు చేతిలోంచి రాయి తీసుకుంది. తెచ్చి మొగుడి చేతిలో పెట్టి, గుప్పిట మూసింది. ఏడో నంబరు వైపు తిరిగి, తల వంచుకుని అంది.

"ఇది మీ రాయే అన్నయ్యగారూ, పదకొండో నంబరు గెలవాలని మీ తలకే గురిచూసి విసిరాను, సరిగ్గా అప్పుడే మా ఆయన చప్పట్లు కొడుతూ పైకి ఎగిరారు."