గడ్డి లేని గూళ్ల బడి

వాగొడ్డున గడ్డి తగ్గిపోయి గిజిగాళ్లకు పని లేకుండా పోయింది. గూడు అల్లుదామంటే నాలుగు పోచలు దొరకడమే గగనమైంది. వెళ్లి అడవికి పెద్దయిన ఏనుగుతో మొరపెట్టుకున్నాయి.

"గడ్డి కాదు, మీకు నైపుణ్యం తక్కువ," అని ఏనుగు తేల్చేసింది. వెంటనే గూళ్లల్లే శిక్షణ కేంద్రం పెట్టించి, కోకిలను పంతులమ్మగా వేసింది. పుట్టి బుద్ధెరిగాక ఒక్క పుల్లయినా ముక్కున కరవని కోకిలను!

మూడు నెలలు కోకిల కమ్మగా పాఠాలు చెప్పింది. చివరికి తలా ఒక మోదుగాకు సర్టిఫికెట్ చేతికిచ్చినట్టు కాలికిచ్చింది.

"ఆకు బాగుంది కోకిలమ్మా. గడ్డేదీ?" అన్నాడు ముసలి గిజిగాడు.

"మళ్లీ అదే గోల! ఇంకో మూడు నెలలు పై కోర్సు చెయ్యి."

"నా అల్లిక చూసే మా ఆవిడ నన్ను కట్టుకుంది. మనవలు కూడా పుట్టారు. గడ్డేదీ అంటే కోర్సంటావేంటి తల్లీ!"

విసుగెత్తి తల పైకెత్తాడు. వాగొడ్డున మిగిలిన ఆ కాస్త గడ్డీ కేంద్రం కప్పు మీద దట్టంగా పరిచి ఉంది.

ఎగిరి ఒక పోచ లాగి పక్కన పెట్టాడు. మిగతా గిజిగాళ్లూ వచ్చి కప్పు మీద వాలాయి.

"అయ్యయ్యో! కప్పు పీకేస్తే రేపు కొత్త బ్యాచ్‌కి పాఠం ఎక్కడ చెప్పను?" అని కోకిల గోలపెట్టింది.

"కాకి గూట్లో చెప్పుకో," అన్నాడు ముసలి గిజిగాడు రెండో పోచకు వంగుతూ. "నీకు అలవాటేగా."