నకలు

ఆ ఉదయం కంప్యూటర్ తెరుచుకోలేదు.

నల్లటి తెర మీద ఒక తెల్ల గీత మిణుకుమిణుకుమంటూ నిలబడిపోయింది. ఆమె ఆపి మళ్ళీ వేసింది. మళ్ళీ అదే గీత.

పక్కన ఎంబ్రాయిడరీ మిషన్ మూగగా ఉంది. ఏ బొమ్మ కుట్టాలో దానికి చెప్పేది ఆ కంప్యూటరే.

పిల్లల బడికి దుప్పట్లు కుట్టివ్వాలి. దుప్పటికో జంతువు బొమ్మ. వారం తిరిగేసరికి అందాలి. భర్త కాలు విరిగి మంచం మీద ఉన్నాడు. ఆ నెల ఇల్లు గడిచేది ఆ దుప్పట్ల మీదే.

ఆమె సీపీయూని చంకన పెట్టుకుని రిపేరు షాపుకు వెళ్ళింది.

షాపతను మూత విప్పి చూశాడు. డిస్కు పని అయిపోవచ్చిందనీ, కొత్తది వేసి సిస్టమ్ మొదటినుంచీ ఎక్కించాల్సిందేననీ చెప్పాడు. పాతవేవీ మిగలవన్నాడు.

"నా డిజైన్లన్నీ అందులోనే ఉన్నాయండీ."

"బ్యాకప్ లేదా?"

ఆ మాట ఆమె విన్నదే. చేయడమే ఎప్పుడూ రేపటికి వాయిదా పడింది. ఆ బొమ్మలు ఒకప్పుడు బజార్లో కొన్న సీడీలోవి. ఆ సీడీ విరిగిపోయింది, అమ్మినవాడు మళ్ళీ కనబడలేదు. పైగా వాటి రంగులు తనకు నచ్చినట్టు మార్చుకోవడానికి ఆమెకు ఏళ్ళు పట్టింది.

ఇదంతా చెప్పుకుంటుంటే గోడవార బల్ల మీద కూర్చున్న ఒకాయన తలెత్తాడు. నెరిసిన గడ్డం, ఒళ్ళో గుడ్డసంచి.

ఏం బొమ్మలని అడిగాడు. ఆమె చెప్పింది. ఆయన లేచి సీపీయూ దగ్గరికి వచ్చాడు.

"తుడిపించకండమ్మా. డిస్కు కొన ఊపిరితో ఉంది. అది పోయేలోపు దక్కినన్ని దక్కించుకుందాం."

ఆయన చేయగలడని షాపతను తలూపాడు. ఆమె చేత రెండు కొత్త డిస్కులు కొనిపించి, ఒకటి లోపలికి, ఒకటి బయట దాచడానికి అని చెప్పి, ఆయన ఆమె వెంట ఇంటికి వచ్చాడు.

సిస్టమ్ జోలికి వెంటనే పోలేదు.

"ముందు నకలు. ఆ తర్వాతే వైద్యం," అన్నాడు.

సంచిలోంచి పెన్‌డ్రైవ్ తీసి, దానితో కంప్యూటర్ని లేపాడు. పాత డిస్కులోవి బయటి డిస్కులోకి ఒక్కొక్కటే వెళ్ళసాగాయి. మధ్యలో డిస్కు టిక్కుటిక్కుమని మొరాయిస్తే, పని ఆపి దాన్ని చల్లారనిచ్చి, మళ్ళీ మొదలుపెట్టేవాడు.

వంటగదిలో అత్తగారు కోడలి చెవి దగ్గరకు వచ్చింది.

"ఆయన అన్నీ అటు లాగేస్తున్నాడే అమ్మాయ్. రేపు పక్కవీధిలో కొట్టు పెడితే ఏం చేస్తావు? మంట ఆర్పడానికి వచ్చినవాడి జేబులు కూడా ఓ కంట కనిపెట్టాలి."

ఆమె వెళ్ళి ఆయన వెనకే నిలబడింది. ఆయన ప్రతి బొమ్మనూ తెరిచి చూస్తున్నాడు. కొన్నింటి దగ్గర చాలాసేపు ఆగిపోతున్నాడు.

"పాడయ్యాయా అండీ?"

"లేదు. రంగులు మీరు మార్చారా?"

"అవును. ఏం, బాగాలేవా?"

"ఇవే నప్పాయి," అన్నాడు తెరమీంచి చూపు తిప్పకుండా.

కొత్త డిస్కు వేసి, సిస్టమ్ ఎక్కించి, బొమ్మలన్నిటినీ వాటి చోటికి తెచ్చేసరికి సాయంత్రమైంది. ఒకటి కుట్టి చూపించమన్నాడు. మిషన్ కదిలింది. చివరి దారం తెగేదాకా ఆయన నిలబడే చూశాడు.

తర్వాత సిస్టమ్ మొత్తాన్నీ ఉన్నదున్నట్టు బయటి డిస్కులో భద్రపరిచాడు. అవసరమైతే దాన్ని వెనక్కి తెచ్చుకోవడం ఎలాగో ఆమె చేతే చేయించాడు. పెన్‌డ్రైవ్ ఆమెకే ఇచ్చేశాడు. డిస్కును మాత్రం కంప్యూటర్ పక్కన పెట్టవద్దన్నాడు. దొంగ వచ్చినా, నిప్పంటుకున్నా రెండూ ఒకేసారి పోతాయట.

గుమ్మం దాటుతుంటే ఆమె ఉండబట్టలేక అడిగేసింది.

"ఏమనుకోకండి. మా డిజైన్లు మీరు కూడా ఏమైనా ఉంచుకున్నారా?"

ఆయన ముఖంలో కోపమేమీ కనబడలేదు. సంచి నోరు తెరిచి చూపించాడు. ఒక స్క్రూడ్రైవరు, కళ్ళజోడు పెట్టె.

"లేదమ్మా. నా దగ్గర ఒక్కటి కూడా లేదు."

చెప్పులు వేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయాడు. కాఫీ కలుపుతానని చెప్పాలనుకున్న మాట ఆమె నోట్లోనే ఉండిపోయింది.

దుప్పట్లు అనుకున్న రోజుకే అందాయి. భర్త కర్ర పట్టుకుని నడవడం మొదలుపెట్టాడు.

వానాకాలంలో ఒక పిడుగుకు కంప్యూటర్ మళ్ళీ కూలబడింది. ఈసారి ఆమె కంగారు పడలేదు. షాపులో మరో డిస్కు వేయించుకుని, బియ్యం డబ్బా వెనక దాచిన నకలు తెచ్చి తగిలించింది. మధ్యాహ్నానికల్లా అన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి, కిందటి రోజు కట్టేసి లేచినట్టే.

అత్తగారు చాలాసేపు తెర వంక చూసింది.

"ఆ మహానుభావుణ్ణి అన్యాయంగా అనుమానించాం కదే. వెళ్ళి ఒక మాట చెప్పి రా."

ఆమె కొత్తగా కుట్టిన దిండు గలీబు ఒకటి మడిచి పట్టుకుని షాపుకు వెళ్ళింది.

"ఆయన ఊరు వదిలి వెళ్ళిపోయారమ్మా," అన్నాడు షాపతను. ఎక్కడో గోడౌన్లో కాపలా పని దొరికిందనీ, పాత ఫోన్ నంబరు కూడా పనిచేయడం లేదనీ చెప్పాడు. ఆయన డిస్కు కూడా అంతకు కొన్నాళ్ళ ముందే పోయిందట. నకలు లేదు. జన్మంతా చేసిన పని ఒక్కపూటలో తుడిచిపెట్టుకుపోయింది. ఆమె సీపీయూ తెచ్చిన రోజు ఆయన షాపుకు వచ్చింది, ఖాళీగా మిగిలిన తన కంప్యూటర్ని అమ్ముకోవడానికే.

"ఏం పని చేసేవారు?"

షాపతను చేతిలోని పని పక్కన పెట్టాడు.

"మీకు చెప్పొద్దన్నారు. ఇంక దాచి ఏం లాభం?"

ఆమె చేతిలోని గలీబు మడత విప్పి, దాని మీది బొమ్మను వేలితో తడిమాడు.

"ఇవి గీసేవారమ్మా. మీరు బజార్లో కొన్న సీడీ, ఆయన బొమ్మలకి ఎవరో దొంగచాటుగా తీసిన నకలు."