ఎర్ర చుక్కలు

పొద్దున్నే సంధ్యారాణి కంప్యూటర్ ముందు కూర్చుని ఆకాశాన్ని తుడవడం మొదలుపెట్టింది.

అంతరిక్షంలో తిరిగే పెద్ద టెలిస్కోప్ తీసిన ఫొటో అది. సూరత్ బజారులో ఇప్పుడు నక్షత్రాల చీరలకే గిరాకీ. ఊరి పక్కన పల్సానాలో ఆమె పనిచేసే చీరల ప్రింటింగ్ మిల్లులో ఏ డిజైనైనా మచ్చలు తుడిచాకే మెషీన్‌కు వెళ్తుంది. ఆ పని ఆమెది.

ఈ నెలలో రెండు డిజైన్లు మచ్చలతో వాపస్ వచ్చాయి. మూడోది వస్తే ఉద్యోగం ఉండదని సూపర్‌వైజర్ రాజలింగం ముందే చెప్పాడు.

అందుకే కంటపడిన ప్రతి ఎర్ర చుక్కనూ తుడిచేస్తోంది.

పక్కన ఎవరో స్టూలు లాక్కుని కూర్చున్నారు. అరవై దాటిన మనిషి, చేతిలో టిఫిన్ సంచి. రాజలింగం కోసం వచ్చానన్నాడు.

చాలాసేపు చూసి అడిగాడు.

"గా ఎర్ర చుక్కలు నిన్నేం జేసినయి బిడ్డా?"

"మచ్చలు తాతా. చీర మీద ఉంటె వాపస్ పంపుతరు."

"మచ్చలు గావు, నక్షత్రాల గుంపులు. పేపర్ల చదివిన. అన్నిట్లకంటె దూరమున్నయి అవ్వే. మన సూర్యుడు పుట్టకముందు బయలెల్లిన వెలుగు. రాంగ రాంగ ఎర్రవడ్డది."

"నా నౌకరి పోతె నీ సూర్యుడిస్తడా?"

ఆయన నవ్వాడు. జర పెద్దగా చేసి చూడమని చెప్పి లేచి వెళ్లాడు.

చూడకూడదనుకుంది. చూసింది.

మచ్చకు ఆకారం ఉండదు. వీటికి ఉంది. ఒకటి కొడవలిలా వంగింది, ఒకటి వడ్లగింజలా సాగింది.

అప్పటికే సగానికి పైగా తుడిచేసింది. అసలు ఫొటో మళ్లీ తెరిచి మొదటి నుంచి పట్టింది. మచ్చ ఏదో, చుక్క ఏదో ఒక్కొక్కటీ విడదీసింది. అన్నానికి కూడా లేవలేదు.

సాయంత్రం రాజలింగం నమూనా గుడ్డ చూసి ముఖం చిట్లించాడు. ఇన్ని ఎర్ర మచ్చలేమిటన్నాడు.

"మచ్చలు కావన్నా. ఉండాలె. వాపస్ వస్తె నేనే పోత."

అతను గుడ్డ మడిచి ఇచ్చి, మెషీన్‌కు పంపమన్నాడు.

పొద్దున వచ్చిన తాత ఎక్కడని అడిగింది. ఆయనకు ఒక మాట చెప్పాలి.

మధ్యాహ్నమే బస్సెక్కాడన్నాడు రాజలింగం. పేరు సాంబయ్య. ముప్పై ఏళ్లు చేత్తో చీరల డిజైన్లు గీశాడు. చేసే మిల్లు మూతబడి, ఆరు నెలలుగా పని లేదు.

"సోమారం నుంచి నీ కుర్చీల కూసోమని నేనే పిలిపించిన," అన్నాడు. "దర్వాజ కాడ నిలవడి నిన్ను చూసి, పిల్ల మళ్ల మొదటి సంది పట్టింది, దాన్ని పనిల నుంచి తీసెయ్యకు, అని చెప్పి పోయిండు."