పేరు లేని పెట్టె

అతను నవ్విన ప్రతిసారీ ఆమెకు చేతులు కడుక్కోవాలనిపించింది.

పొద్దున్నే ఆమె తను పరికరాలు పరీక్షించే కేంద్రానికి వచ్చేసరికి ఆమె కుర్చీలోనే తిష్ఠ వేసి ఉన్నాడు. గుండుసూదితో పళ్ళు కుట్టుకుని, దాన్ని తిరిగి ఆమె బల్ల మీది డబ్బాలోనే పడేశాడు. నూనె కారే జుట్టు సవరించుకున్న చేత్తోనే ఒక పళ్ళ బుట్ట ఆమె వైపు జరిపాడు. బల్ల అద్దం మీద వేలిముద్రలు జిడ్డుగా మెరిశాయి.

“నిన్న లారీలో పదిహేడో నంబరు పెట్టె వచ్చింది. దాని సంగతి మీరే చూసుకోవాలి తల్లీ. మా బతుకంతా దాని మీదే ఉంది,” అన్నాడు గొంతు తగ్గించి.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఏ పెట్టె ఎవరు చేశారో పరీక్షించేవాళ్ళకు తెలియకూడదనే పేర్లు తీసేసి నంబర్లు వేస్తారు. ఈ మనిషి నంబరుతో సహా గుమ్మం తొక్కాడు.

“మీరేం అడగబోతున్నారో నాకు తెలుసు. ఇంకొక్క మాట మాట్లాడొద్దు. ఆ బుట్ట తీసుకెళ్ళండి.”

“తెలుసు కదా. అంతే చాలు,” అని అతను మళ్ళీ నవ్వాడు.

ఆమె వెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కుంది.

రంగుల ఫ్యాక్టరీల్లో, గ్యాస్ గోదాముల్లో స్విచ్చి వేసినప్పుడు పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు, గాలి మొత్తం భగ్గుమంటుంది. అందుకే అక్కడ స్విచ్చిని దిట్టమైన ఇనప పెట్టెలో బిగిస్తారు. లోపల పేలినా మంట బయటికి రాకూడదు. గ్యాస్ ఎంత తేలిగ్గా అంటుకుంటుందో దాన్నిబట్టి పెట్టెలకు తరగతులుంటాయి. ఇది హైడ్రోజన్ తరగతికి వచ్చిన పెట్టె. పాసైతే అమ్ముకోవచ్చు. ఫెయిలైతే మళ్ళీ వంతు వచ్చేదాకా, అంటే ఆర్నెల్లు, చేసినవాడు షట్టరు దించుకోవాల్సిందే.

సిఫార్సుతో పాసైన పెట్టె ఒకటి మంటను ఆపలేకపోతే ఏమవుతుందో ఆమె ఒకసారి ఆస్పత్రిలో చూసింది. ఆ మంచం దగ్గరి వాసన ఇప్పటికీ ముక్కును వదల్లేదు.

ఫోర్‌మన్ బాబాయ్ పెట్టెను మూసిన గదిలో ఉంచి, దాని లోపలా బయటా గ్యాస్ నింపాడు. ఆమె మీట నొక్కింది. లోపల ధబ్బుమంది. బయట గ్యాస్ అంటుకోలేదు.

దళసరి అద్దం అవతల అతను మునివేళ్ళ మీద లేచి మరీ చూశాడు. మొహం తుడుచుకున్నాడు.

మళ్ళీ పేల్చారు. మళ్ళీ. పెట్టె చెక్కుచెదరలేదు. అతని చొక్కా మాత్రం చెమటతో వీపుకు అంటుకుపోయింది. నాసిరకం సరుకు తెచ్చినవాడికి ఆమాత్రం గుబులు ఉండాల్సిందే అనుకుంది ఆమె.

చివరికి మూత విప్పి, మంట బయటికి దూరగల అంచంతా భూతద్దంతో గాలించింది. ఒక మూల వెంట్రుకంత గీత కనిపించింది.

“రాయితో కాస్త రుద్ది, ఇంకోసారి పేల్చి చూద్దామమ్మా. ఎప్పుడూ చేసేదేగా,” అన్నాడు బాబాయ్. “చేసినవాడెవడో గానీ పనిమంతుడు. అంచు చూడు, మొహం కనిపిస్తోంది.”

నిజమే. మరో రోజైతే ఆ రాయి ఆమే అందుకునేది. కానీ పెట్టె పాసైందని చెప్పగానే ఆ మొహం మీద ఆ నవ్వు మళ్ళీ విచ్చుకుంటుంది.

“గీత గీతే బాబాయ్,” అంది. తిరస్కరించినట్టు ముద్ర వేసింది.

బాబాయ్ ఆమె వంక ఒకసారి చూశాడు. వెళ్ళి గ్యాస్ కట్టేశాడు.

ఫలితం చెప్పడానికి ఆమె ఎవరినీ పంపలేదు. తనే వరండాలోకి వెళ్ళింది.

“పదిహేడో నంబరు ఫెయిలైంది. ఇక దయచేయండి.”

అతను నమ్మలేనట్టు గుడ్లప్పగించాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏడుపు మొదలుపెడతాడేమోనని ఆమె అసహ్యంగా మొహం తిప్పుకుంది. అంతలో అతను గబుక్కున ముందుకొచ్చి, ఆ జిడ్డు చేతులతో ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు.

“నీ రుణం ఎలా తీర్చుకోను తల్లీ, అది నాకు పోటీగా మా తమ్ముడు చేసిన పెట్టె, నాది వచ్చే వారం పంపిస్తాను.”