పదకొండు గ్రహాలు

అక్క ఇంటికొచ్చే దారి తప్పిన రోజు తమ్ముడు గ్రహణం గీస్తున్నాడు.

కంప్యూటర్ తెర మీద నల్లటి గ్రహమొకటి సూర్యుణ్ణి పూర్తిగా కప్పేసింది. దాని అంచు చుట్టూ సన్నటి వెలుగు గీత వేస్తే బొమ్మ అయిపోయినట్టే. మౌస్ మీద చెయ్యి వేశాడో లేదో, ఎవరో తలుపు కొట్టారు.

గుమ్మంలో వీధి మొదట్లో కొట్టున్న దర్జీ. ఆయన వెనకాల కూరల సంచితో అక్క.

"మీ అక్కగారు మా కొట్టు ముందు నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగారండీ. చివరికి నన్నే అడిగారు, మా ఇల్లెక్కడ అని."

"మా అక్కకి వేళాకోళం ఎక్కువలెండి," తమ్ముడు నవ్వేశాడు.

దర్జీ నవ్వలేదు. మెడలో టేపు సర్దుకుంటూ, "వేళాకోళమైతే కళ్లనీళ్లు ఎందుకు పెట్టుకుంటారండీ?" అన్నాడు.

అక్క సంచి కింద పెట్టింది. "ఎండరా. కళ్లు బైర్లు కమ్మాయి. దానికి ఇంత పంచాయితీ ఎందుకు?"

ఆ మధ్యాహ్నమే ఆమెను డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. డాక్టరమ్మ అక్కను వారమడిగింది, నెలడిగింది, మూడు వస్తువుల పేర్లు చెప్పి కాసేపాగి మళ్లీ చెప్పమంది. అక్క రెండో పేరు దగ్గరే ఆగిపోయి కొంగు అంచు మడతపెట్టసాగింది. డాక్టరమ్మ ఒక కాగితం ముందేసుకుని తమ్ముడి వైపు తిరిగింది.

"మరుపు ఎప్పటినుంచి ఉంది?"

"ఈరోజే చూశానండీ. నిన్నటిదాకా బాగానే ఉంది."

"స్టవ్ మీద పెట్టినవి మరిచిపోవడం?"

"అబ్బే, లేదు. గిన్నెలు మాడతాయి గానీ అది మరుపు కాదండీ. నాకోసం కావాలనే మాడుస్తుంది."

డాక్టరమ్మ కలం ఆగింది. తమ్ముడికి హుషారొచ్చింది. తన బొమ్మల ఎగ్జిబిషన్లలో అందరికీ చెప్పి నవ్వించే సంగతే మళ్లీ చెప్పాడు. మాడిన గిన్నె అడుగు ఫొటో తీస్తాడు. కంప్యూటర్లో దాన్ని ఉండలా చుట్టి, ఒక పక్క వెలుగు, ఒక పక్క నీడ వేస్తాడు. పాల మీగడ మాడితే మేఘాలవుతాయి. పప్పు మాడితే లోయలు. ఎవరూ చూడని గ్రహం ఒకటి పుడుతుంది.

"మొన్నటిది అంచుదాకా మాడలేదు. ఈసారి ఇంకాస్త ఉండనీ అక్కా, మాడ్చడం కూడా రాదా నీకు, అన్నాను," అని నవ్వాడు.

"వాడికి గ్రహాలు కావాలిగా డాక్టరమ్మా," అంది అక్క, నేల చూస్తూ.

డాక్టరమ్మ మెల్లగా అడిగింది. "మాడ్చమని ముందుగా మీరు అడుగుతారా?"

"లేదండీ. మాడాక తనే చెబుతుంది..."

తన మాట తన చెవినే పడి తమ్ముడు ఆగిపోయాడు.

"ఎన్ని బొమ్మలు?"

"పదకొండు."

డాక్టరమ్మ కాగితం అతని వైపు జరిపింది. 'ఎప్పటినుంచి' అన్న మాట ఎదుట ఒక గడి ఉంది. "ఇంటికెళ్లి చూసి, నింపి తీసుకురండి. మాకది ముఖ్యం."

ఇంటికొచ్చాక అక్క హాల్లో పడక్కుర్చీలో ఒరిగింది. తమ్ముడు బొమ్మలు ఒక్కొక్కటే తెరిచాడు. ప్రతి బొమ్మ మూలనా తారీఖు వేయడం అతని అలవాటు. మొదటి గ్రహానికీ రెండోదానికీ మధ్య ఏడు నెలలు. అయిదో దానికీ ఆరో దానికీ రెండు నెలలు. చివరి రెంటికీ మధ్య తొమ్మిది రోజులు. ఈ మధ్య చెయ్యి బాగా తిరుగుతోందని మురిసిపోయిన రోజులవి.

"ఒరేయ్, కాస్త కాఫీ పెట్టనా?" హాల్లోంచి అక్క గొంతు.

"నువ్వు కూర్చో అక్కా. నేను పెడతాను."

వంటింట్లోకి వెళ్లాడు. ఆ ఇంట్లో అతను స్టవ్ వెలిగించి ఎన్నాళ్లయిందో అతనికే గుర్తు లేదు. పంచదార డబ్బా ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది. దొరికింది. ఎత్తితే, దాని కింద నాలుగు మడతల కాగితం. మడతల దగ్గర చిరిగిపోయేలా ఉంది. విప్పితే అక్క దస్తూరి. మొదటి పంక్తుల్లో అక్షరాలు నిలువుగా, వరసగా ఉన్నాయి. కిందికి వచ్చేకొద్దీ వణికాయి.

'పాలు పెట్టి హాల్లోకి వెళ్లకూడదు.'

'ఇల్లు: దర్జీ కొట్టు దాటాక మూడోది.'

'గిన్నె మాడితే, నీ గ్రహం కోసమే మాడ్చానురా అని చెప్పాలి. వాడు నవ్వుతాడు. ఇంకేం అడగడు.'

డాక్టరమ్మ ఇచ్చిన కాగితంలో ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.