ఎలుక చెప్పిన లెక్క

బోనులో పడ్డ ఎలుక మాటను ఆ బోనే తెలుగులో వినిపించే రోజులవి. అమలాపురంలో అందరూ సౌండు కట్టేసి, ఎలుకను కాలవగట్టున వదిలి వచ్చేవారు. ఓ ఉదయం తన బోనులో ఎలుక పడితే అచ్చాయమ్మ సౌండు కట్టడం మరచిపోయింది.

"పిల్లలు," అంది బోను.

బియ్యం డ్రమ్ము వెనక వెతికితే నాలుగు దొరికాయి. వాటిని పాతగుడ్డలో చుట్టి తల్లి దగ్గర పెట్టింది.

"ఇంకొకటి," అంది బోను.

"ఎలుక్కి లెక్కలేంటే? వదిలేసి రా," అన్నాడు భర్త సత్తిరాజు.

"కన్నదానికి తెలీదేంటండి?"

ఆమె స్టవ్వు జరిపి చూసింది. అయిదోది అప్పటికే చచ్చిపోయి ఉంది. దాన్నీ లోపల పెట్టింది. తల్లి దాన్ని చాలాసేపు నాకింది. బోను మళ్లీ పలకలేదు. ఎలుక నాకడం ఆపేదాకా పక్కనే కూర్చుని, ఆ తర్వాతే అచ్చాయమ్మ బోనెత్తుకుని బయల్దేరింది.