సిమెంటు బిడ్డకు దిష్టి చుక్క

గుడియాత్తం షెడ్డులో చేసిన పిల్లల బొమ్మలు రెండింటినీ వేలూరు బడి ముందు నిలబెట్టడానికి లారీ ఎక్కించారు. హిట్లర్ చేతికి చిక్కకుండా, చేతిపెట్టెలతో పరాయి దేశం చేరిన యూదుల పిల్లలట. సిమెంటు కలిపింది నేనే. ఆడపిల్ల బుగ్గన దిష్టి చుక్క పెట్టాను.

"సిమెంటు బిడ్డకి జొరమొస్తాదామ్మా?" బొమ్మలు చేసిన ఆరుముగం నవ్వాడు.

"వీళ్ళమ్మ బొమ్మ యాడప్పా?"

"ఆయమ్మ రాలేదమ్మా. బిడ్డల్ని రైలెక్కించి ఆడే ఉండిపొయ్యింది. ఆమెను సంపేసినారు. బిడ్డలు బతికినారు."

మా వీధిలో విషజ్వరాలు వచ్చినప్పుడు, నా కూతురు ఇందుమతిని తన ఊరు నాట్రంపల్లి తీసుకుపోతానని మా అన్న బండి తెచ్చాడు. బిడ్డను వదిలి ఉండలేనని బండిని తిప్పి పంపాను. వారానికి బిడ్డే లేదు.

లారీ కదిలింది. ఆ రోజు నా నోట రాని మాట ఇప్పుడొచ్చింది.

"పోయిరా, ఇందూ."